ఏడు ఆవులకు ఎంత నేల

తండ్రి పోతూ పోతూ ఇద్దరు కూతుళ్లకూ పెట్టిన తంటా అది. "చిన్నదాని మందకు ఎంత బీడు కావాలో అంత దానికి, మిగిలింది పెద్దదానికి" అని పశువుల డాక్టరు ఎదుట చెప్పి కన్నుమూశాడు. ఎంత కావాలో కూడా చెప్పి పోవద్దూ మహానుభావుడు! బీడు పన్నెండెకరాలు. చిన్నదానికి ఉన్నవి ఏడు ఆవులు. వాటి పాలమ్ముకునే ఆమె బతుకుతోంది.

అక్క గొంతు పెంచే మనిషి కాదు. ఏమన్నా మెత్తగానే అంటుంది. "నాలుగు నెలలు బీడంతా నువ్వే మేపుకోవే. ఎండాకాలం చివర డాక్టరుగారిని వెంటబెట్టుకుని వస్తా. నాన్న కొలతకు గడ్డి నిలవకపోతే నీకు మేపడం చేతకాదన్నట్టే. అప్పుడు ఆవుల్ని అమ్మేద్దువుగాని" అంది.

నాన్న కొలత ఆ ఇంట్లో అందరికీ తెలిసిందే. పిడికిలి బిగించి నేలకు ఆనించి బొటనవేలు పైకెత్తితే, ఆ వేలి కొసను గడ్డి అందుకోవాలి. అంతకన్నా కిందికి మేపితే వేరు చస్తుందనేవాడు.

చెల్లెలి బుర్రలో ఆ వేలొక్కటే మిగిలింది. రెండో నెలకు ఎండ ముదిరి, గడ్డి సరిగ్గా వేలి కొస దాకా దిగింది. మర్నాటి నుంచి ఆవుల్ని పాకలో కట్టేసింది. ఏడింటికీ కలిపి పూటకొక మోపు ఎండుగడ్డి. నీళ్లకు వాగు దాకా తోలుకెళ్లాలంటే దారి బీడు అంచునే. ఏ ఆవైనా పచ్చిక వైపు మెడ చాచిందంటే మూతి మీద కర్ర పడేది. మొదట ఏడుస్తూ కొట్టింది. పది రోజులకు ఏడుపు ఆగిపోయింది, కర్ర మాత్రం ఆగలేదు. పాలు సగానికి సగం పడిపోయాయి. ఓ పొద్దున నల్లావు దూడ లేవలేదు. గొయ్యి తానే తవ్వి పూడ్చింది.

"ఇంకొక్క నెల ఓర్చుకోండే. తర్వాత బీడంతా మనదే" అని వాటికి నచ్చజెప్పేది. ఆ తెలివి తెల్లారినట్టే ఉంది! పైగా ఆ ఏడాది అకాలంగా రెండు వానలు కూడా పడ్డాయి.

చెప్పిన రోజుకు అక్క, డాక్టరు వచ్చారు. అక్క చెప్పులు విడిచి బీడులో దిగింది. పిడికిలి ఆనించి వేలెత్తితే చెయ్యంతా గడ్డిలో మునిగిపోయింది. పది చోట్ల చూసింది, పది చోట్లా అంతే. చెల్లెలి మొహం విప్పారింది.

"బాగా మేపుకున్నావే" అంది అక్క, నిజంగా మెచ్చుకుంటున్నట్టే. "ఏడు ఆవులు నాలుగు నెలలు తిన్నాక ఇంత మిగిలిందంటే, వీటికి అసలెంత కావాల్సినట్టు డాక్టరుగారూ?"

"దీన్నిబట్టి చూస్తే మూడెకరాలు చాలమ్మా" అన్నాడు డాక్టరు.

చెల్లెలు గడ్డి తక్కువైతే ఏమవుతుందోనని నాలుగు నెలలు చచ్చింది గానీ, ఎక్కువైతే ఏమవుతుందో ఒక్కనాడూ తట్టలేదు పిచ్చిదానికి.

"అవి తిన్లేదండీ. నేనే కట్టేశాను" అంది. "మూడెకరాలైతే చచ్చిపోతాయండీ. ఇప్పుడు వదిలి చూపిస్తా, ఎంత ఆకలో మీకే తెలుస్తుంది."

"చూపించు మరి" అంది అక్క.

పరుగున వెళ్లి ఏడింటినీ విప్పి తోలుకొచ్చింది. వాటి డొక్కలు చూసి డాక్టరు నొసలు చిట్లించాడు. "చిక్కాయంటే సాకడంలో లోపం గానీ నేలది కాదుగా. మేత కళ్లెదుటే ఉంది" అన్నాడు.

కంచె తడిక బార్లా తీసింది. ఆవులు అంచు దాకా వచ్చి ఆగిపోయాయి. మూతుల ముందే పచ్చిక. ఒక్కటీ మెడ చాచలేదు. ఏడూ ఆమె చేతిలోని కర్ర వంకే చూస్తున్నాయి.

"తినవే, తల్లీ, తినవే" అంటూ గుప్పెడు గడ్డి పీకి నల్లావు నోటికందించింది. అది కళ్లు గట్టిగా మూసుకుని మూతి పక్కకు తిప్పుకుంది. అక్క చిన్నగా నవ్వింది. చెల్లెలికి ఒళ్లు తెలియలేదు. కర్ర ఎత్తి, వెనక నుంచి లోపలికి తోలుతూ, అందిన ఆవునల్లా బాదింది.

దెబ్బ పడగానే అవి తమకు నేర్పిన దారే పట్టాయి. గిర్రున తిరిగి, ఒకదాని వెనక ఒకటి, పాకకేసి నడిచాయి.

"కడుపు నిండితేనే కదండీ, మేత ముందున్నా ఇంటికి పోతాయి" అంది అక్క మెత్తగా.

డాక్టరు తలూపి, మూడెకరాలు కొలవడానికి సంచిలోంచి టేపు తీశాడు.