మూడో వరుస చివరి కుర్చీ

ఆ నాటకశాలలో మూడో వరుస చివరి కుర్చీకి టికెట్ అమ్మరు. ఊడ్చే మనిషి రోజూ ముందు దాన్నే తుడుస్తుంది. నటన నిజమైతే, ముడుచుకుని ఉన్న ఆ కుర్చీ ఎవరో కూర్చున్నట్టు తనంతట తానే కిందికి దిగుతుంది. బూటకమైతే కొంచెం దిగి టప్పున పైకి లేస్తుంది. మేనేజరు వేషాలు పంచేది దాన్ని చూసే.

అక్కడ ఆడే నాటకంలో బిడ్డను పోగొట్టుకున్న తల్లి వేషం పదకొండేళ్లుగా ఒకే నటిది. మూడు నెలలుగా మాత్రం ఏడుపు ఘట్టం రాగానే కుర్చీ టప్పుమంటోంది.

"కుర్చీకి నూనె పెట్టించమంటావా అక్కా?" అంది పక్క అద్దం ముందు రంగు పూసుకుంటున్న చిన్న నటి.

ఆమె నవ్వలేదు. ఇవాళ కూడా లేస్తే రేపటి నుంచి వేషం ఆ పిల్లదేనని మేనేజరు పొద్దున్నే చెప్పేశాడు.

కన్నకూతురు జ్వరంతో పోయి నెల తిరగకుండానే ఆ వేషం కట్టిన మనిషి. మొదట ఆ జ్వరాన్నే తలుచుకుని ఏడ్చింది. అది అరిగిపోయాక చిన్న చెప్పుల జత, ఆ తర్వాత సగం అల్లిన జడ. ఇంట్లోవి ఒక్కొక్కటే అమ్ముకు తినేవాళ్లకి చివరికి గోడలే మిగులుతాయి. ఇప్పుడు కళ్లు మూసుకున్నా పిల్ల మొహం ఆనడం లేదు. మిగిలింది ముక్కుతో గురకపెట్టినట్టు నవ్వే దాని నవ్వొక్కటే.

తెర తాడు పట్టుకుని నిలబడ్డ భర్త ఆమె వాలకం చూసి కనిపెట్టేశాడు.

"ఆ నవ్వును తియ్యకు. అదొక్కటైనా ఇంట్లో ఉండనీ."

"తియ్యకపోతే దేంతో ఏడవను?"

"వేషం పోతే పోనీ. నేను లేనూ?"

"నువ్వుంటావయ్యా. నేనే ఉండను."

తెర లేచింది. ఘట్టం వచ్చింది. బొమ్మను ఒళ్లో పెట్టుకుని ఆమె మూడో వరుస వైపు చూసింది. కుర్చీ వణుకుతోంది. ఇక తప్పలేదు, ఆ నవ్వును తలుచుకుంది.

హాలంతా వెక్కివెక్కి ఏడ్చింది. కుర్చీ నెమ్మదిగా సగం దాకా దిగి ఆగింది, చిన్నపిల్ల బరువుకి దిగినంత.

జనం వెళ్లిపోయాక మేనేజరు వచ్చాడు. "ఓపికున్నన్నాళ్లూ వేషం నీదేనమ్మా. రేపు ఆరింటికి."

అతను అటు వెళ్లగానే ఆమె భర్త వైపు తిరిగింది. "ఏమయ్యా, అదెలా నవ్వేది?"

అతను తాడు వదిలేసి, ముక్కుతో నవ్వి చూపించాడు. పొరుగింటి పిల్ల సంగతి విన్నట్టు విందామె.

"మరి రేపు దేంతో ఏడవను?"

అతను తెర తాడు మళ్లీ అందుకున్నాడు. ఖాళీ హాల్లో ఆ కుర్చీ, ఈసారి చప్పుడు చెయ్యకుండా, పైకి లేచి ముడుచుకుంది.