నైరుతిలో కంత

నేను ఒక ఫ్యానును, బండి పైకప్పుకు బిగించే రకం. వేడినీ పొగనీ బయటికి నెట్టడం నా పని. ఆ పని చెయ్యనివ్వకపోవడం మనుషుల పని అని ఆలస్యంగా తెలిసింది.

మొదట ఒక టిఫిన్ బండిలో ఆరేళ్లు దోసెల పొగ మింగాను. అది తుక్కుకు పోతే, విజయవాడ ఆటోనగర్‌లో మస్తాన్ మేస్త్రీ నన్ను ఊడదీసి పానకాలు వ్యానుకు బిగించాడు. పానకాలు రిటైరైన బస్సు డ్రైవరు. పాత వ్యానులో మంచం, పొయ్యి పెట్టించుకుని భార్య వజ్రమ్మతో ఊళ్లు తిరగాలని ఆయన కోరిక. ఆవిడకు ఉబ్బసం. "ఊపిరాడకపోతే మొదటి ఊళ్లోనే దిగి ఇంటికెళ్లిపోతా," అని ముందే చెప్పేసింది.

మస్తాన్ బుద్ధిమంతుడు. బండి వెనక కుడిమూల నేలలో కంత కోసి జాలీ వేశాడు. "కింద నుంచి గాలొస్తేనే పైనుంచి పోద్ది సార్. దీన్ని మాత్రం ముయ్యమాకండి," అన్నాడు.

మర్నాడే బండికి వాస్తు చూడ్డానికి సిద్ధాంతి వచ్చాడు. షెడ్డులో బండి తూర్పుముఖంగా ఉంది. "నైరుతిలో కంతా! అరిష్టం," అన్నాడు. పానకాలు పరుగున చెక్క తెచ్చి మేకులు కొట్టేశాడు. బండికి చక్రాలున్నాయి మహాప్రభో అని మొత్తుకున్నాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది.

అరకులో ఆగారు. చలికి కిటికీలు బిగించి వజ్రమ్మ పచ్చడికి ఎండుమిరపకాయలు వేయించింది. నేను గిర్రున తిరిగాను. లోపలికి గాలి రానిదే దేన్ని నెట్టను? ఘాటు బండంతా కమ్మింది. ఆవిడ దగ్గుతూ తలుపు తోసుకుని కిందికి దిగి, రాయి మీద కూలబడింది. ఆయాసం తగ్గడానికి చాలాసేపు పట్టింది.

"అంతా ఈ తుక్కు ఫ్యాను వల్లే!" అని పానకాలు నన్ను గరిటెతో కొట్టాడు. నాకు ఒళ్లు మండింది. ఆవిడ సంచీ సర్దుకుంటుంటే భయం కూడా వేసింది.

సంచీ భుజాన వేసుకుని ఆవిడ బండి ముందుకు చూసింది. "ఏవయ్యా, పొద్దు ఎటు గూకుతోంది?"

"మన బండి ఎదురుగానే."

"అంటే బండి పడమటికి తిరిగుంది. మరి నువ్వు మూసిన మూల ఇప్పుడేమయింది?"

పానకాలు వేళ్ల మీద దిక్కులు లెక్కపెట్టుకున్నాడు. "ఈశాన్యం!"

"ఈశాన్యం మూస్తారా ఎవరైనా?"

"అమ్మో!" అంటూ పట్టకారుతో మేకులన్నీ పీకేశాడు. చల్లగాలి నేలలోంచి లేచి నా దాకా వచ్చింది. ఆవిడ లోపలికొచ్చి ఊపిరి పీల్చి చూసుకుని, సంచీ కింద పెట్టింది.

ఆయనకు బుద్ధొచ్చిందనుకున్నారా? ఇప్పటికీ ఏ ఊరెళ్లినా బండిని పడమటిముఖంగా నిలపడానికి ముప్పావుగంట ముందుకీ వెనక్కీ తిప్పుతాడు. పైన నాకు తల తిరిగిపోతుంది. వజ్రమ్మ మాత్రం విసుక్కోదు. కిందికి దిగి, హాయిగా గాలి పీల్చుకుంటూ, "ఇంకాస్త ఎడమకి కొట్టయ్యా," అంటుంది.