పోపుగారి ద్వారం, ఎర్సీలియా గంగాళం

పాన్‌ఫిలోకు ఇరవై రెండేళ్లుగా ఒక అనుమానం ఉంది. పూర్వం సెలెస్టిన్ పోపుగారు లాక్విలా ఊరికిచ్చిన వరం ప్రకారం, ఆగస్టు చివర పశ్చాత్తాపంతో గుడి పవిత్ర ద్వారం దాటినవాడికి మన్నింపు దొరుకుతుంది. మరి ఏటా దాటి, ఏటా అదే పాపం చేసేవాడి సంగతేమిటి?

అతని పాపం ఒక రాగి గంగాళం. టమాటా రసం కాచుకుంటానని పక్కింటి ఎర్సీలియాను అడిగి తెచ్చి, తిరిగివ్వలేదు. ఏటా ద్వారం దాటి, తేలికపడ్డ మనసుతో ఇంటికొచ్చి, మర్నాడే అందులో టమాటాలు ఉడికించేవాడు.

ఈ ఏడు వరుసలో ఎర్సీలియా అతని ముందే నిలబడింది.

"మళ్ళీ వచ్చావా పాన్‌ఫిలో? అంత పెద్ద పాపం ఏం చేశావయ్యా?"

"చిన్నదేలే అక్కా."

"చిన్న మరకకి ఇన్నేళ్ల ఉతుకుడా?"

వెనకవాళ్లు పకపకా నవ్వారు. అయిదు నెలలకే పోపు పీఠాన్ని వదిలేసిన ఆ సెలెస్టిన్ మహానుభావుడి గుమ్మంలో, గంగాళం వదల్లేని భక్తుడు! పాన్‌ఫిలోకు తన మీద తనకే నవ్వొచ్చింది. వరుస వదిలి ఇంటికి పరుగెత్తాడు. గంగాళం తళతళా తోమి, నెత్తిన పెట్టుకుని వచ్చేసరికి ఎర్సీలియా గుడి మెట్లు దిగుతోంది.

"అక్కా, నా పాపం ఇదే. తీసుకో."

"అడగలేక నిన్ను లోలోపల తిట్టిన తిట్లకే కదయ్యా, నేనూ ఏటా ఈ ద్వారం దాటేది!" అంటూ ఆమె గంగాళం అందుకుని తిరగేసింది. "అడుగున ఈ సొట్టేమిటి?"

"దానికి వచ్చే ఏడు వస్తాలే అక్కా."