వాగవతలి జాగా

జైపాల్ చేసిన పని పరాయివాడెవడైనా చేసి ఉంటే నర్సింహ నడిబజార్లో కాలర్ పట్టుకుని అడిగేవాడు. కానీ జైపాల్ తన పెళ్లానికి తమ్ముడు. ఇతని ఇంట్లోనే పెరిగి, ఇతని కంచంలోనే తిని, ఇతని సైకిల్ వెనక కూర్చుని బడికి పోయినవాడు. అలాంటివాణ్ణి ఎక్కడ పట్టుకోవాలో నర్సింహకు ఇప్పటికీ తెలియలేదు.

చిట్కుల్ దాటాక, ఫ్యాక్టరీల వెనకవైపు, వాగవతల ఉంది ఆ బస్తీ. పేరుకే వాగు. ఏ రంగు పారుతుందో చూసి ఏ ఫ్యాక్టరీ నడుస్తుందో చెప్పేవాళ్లు అక్కడివాళ్లు. ఆటోలు మోరీ దగ్గరే ఆగిపోయేవి. కల్లు కాంపౌండ్ ముందు వారానికొకడి తల పగిలేది, పోలీసులు తీరిగ్గా వచ్చేవాళ్లు. పిల్లను చూడవచ్చిన పెళ్లివారు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని సగం దారిలోనే వెనక్కి తిరిగిన రోజులున్నాయి. అక్కడ నర్సింహ తండ్రి లారీల మీద మూటలు మోసి కొంత జాగా కొన్నాడు. రెండు రేకుల గదులు వేశాడు. తండ్రి నడుం పడిపోయిన ఏడాదే నర్సింహ ఏడో తరగతి మానేసి బాయిలర్ దగ్గర కాంట్రాక్టు పనికి చేరాడు. తండ్రి పోయాక జాగా అతని పేరు మీదికొచ్చింది.

కొల్లూరులో సర్కారు డబుల్ బెడ్రూం ఇళ్లకు దరఖాస్తులు తీసుకుంటున్నారని విని, అతని భార్య ప్రేమలత కూడా పెట్టుకుంటానంది. సొంత ఇల్లు, జాగా లేవని ప్రమాణం చేసి రాయాలి. అప్పటికే ఇస్నాపూర్‌లో ప్లాట్ల బేరాలు చేస్తున్న జైపాల్ ఉపాయం చెప్పాడు.

"జాగ నా పేరు మీద జెయ్యి బావా. ఇల్లు మీ చేతికొచ్చినంక మళ్ల నీ పేరు మీద జేస్త."

"నీ పేరు మీద జేస్తే నువ్వు అమ్ముకోవా?" అన్నాడు నర్సింహ నవ్వుతూ.

"గీ కంపుల ఎవడు కొంటడు? పందులు గూడ మోరీ కాడికెళ్లే మళ్లిపోతున్నయ్. నూరేండ్లయినా గిటు పెద్దోళ్లు రారు."

నర్సింహకు ఆ మాట నిజమే అనిపించింది. చుట్టూ విల్లాలు లేస్తున్నా, అపార్టుమెంట్లు లేస్తున్నా, ఆ వాసన దాటి ఎవడొస్తాడు? బస్తీకున్న చెడ్డపేరే తన జాగాకు తాళం అనుకున్నాడు. అమ్మినట్టు రిజిస్ట్రీ చేశాడు. పైకం ముట్టిందని కాగితంలో రాయించాడు. ముట్టింది మాత్రం జైపాల్ తాగించిన చాయ్. బస్తీలో ఇలా చేసినవాడు అతనొక్కడే కాదు. ఒకడు మరదలి పేరు మీద పెట్టాడు, ఇంకొకడు వియ్యంకుడి పేరు మీద.

ఇల్లు వచ్చింది. ఏడో అంతస్తు. బాత్రూంలో టైల్స్ తడిమి చూసి ప్రేమలత ఏడ్చింది. నర్సింహ తల్లి మొగులమ్మ దమ్ము రోగం మనిషి. వాగవతల ఉన్నన్నాళ్లూ ఊపిరాడక గోడకు ఆనుకుని, కూర్చునే నిద్రపోయేది. కొల్లూరు వచ్చిన మూడో నెలలో మొదటిసారి వెల్లకిలా పడుకుంది. పాత గదులు ఒక బిహారీ కుటుంబానికి కిరాయికిచ్చారు. జైపాల్‌ను జాగా సంగతి అడిగితే, "తొందరేంది బావా, యాడికి పోతది?" అనేవాడు.

రెండేళ్లు గడిచాయి. వాగు పక్కనున్న రెండు ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. వాగు మీద సిమెంటు పలకలు పరిచారు. మోరీ దగ్గర విల్లాల కంపెనీవాళ్ల బోర్డు తాటిచెట్టంత లేచింది. అందులో నీలం నీళ్లు, గడ్డిలో పరుగెత్తే తెల్లటి ఆడవాళ్లు. బస్తీకి ఏదో ఇంగ్లీషు పేరు. నర్సింహ కిరాయి కోసం వెళితే బిహారీ ఆయన సామాను మూటలు కడుతున్నాడు. "కాకా, ఆప్ కా సాలా ఆయా థా. ఖాళీ కరో బోలా," అన్నాడు. బావమరిది వచ్చి గదులు ఖాళీ చెయ్యమన్నాడని విని నర్సింహ అటునుంచటే ఇస్నాపూర్ పోయాడు.

జైపాల్ ఆఫీసు అద్దాల తలుపు అతను తోశాడు, అది లాగే తలుపు. లోపలినుంచి జైపాలే వచ్చి తీశాడు.

"రా బావా, కూసో. చాయ్ చెప్తా."

"నీ చాయ్ ఒకపారి తాగిన, ఇప్పటిదాక అరుగుతలేదు. నా జాగ బేరం పెట్టినవంట?"

"మంచి ధర వస్తున్నది మరి."

"నూరేండ్లయినా రారంటివి గదరా!"

"నేనేమన్న జోస్యం చెప్పేటోన్నా? వచ్చిన్రు. నా పేరు మీదున్నది, అమ్ముతున్న." జైపాల్ గొంతు తగ్గించాడు. "నీ పేరు మీద జెయ్యమంటే చేస్త బావా, ఇప్పుడే చేస్త. గని జాగ నీదని తేలిన్నాడు కొల్లూరు ఇంటికి తాళం పడతది. నీ మంచికే చెప్తున్న."

"నా మంచి చూసే మొకమా ఇది? ఇన్ని అద్దాలు పెట్టుకున్నవ్, పొద్దుగాల ఒక్కదాంట్లనన్న చూస్కున్నవా?"

జైపాల్ నవ్వేశాడు. అక్కకు స్కూటీ కొనిస్తానన్నాడు. తర్వాత అసలు సంగతి బయటపెట్టాడు. జాగా కొంటున్న కంపెనీ వకీలు పాత యజమాని సంతకం కావాలంటున్నాడు. అప్పట్లో నిజంగానే అమ్మానని, పూర్తి పైకం ముట్టిందని, ఏ హక్కూ లేదని. సోమవారం సంగారెడ్డి రిజిస్ట్రాఫీసుకు రావాలి.

సోమవారం రాకముందే నర్సింహ సంగారెడ్డి కోర్టు దగ్గర మురళీమోహన్ అనే వకీలును కలిశాడు. ఆయన కాగితాలు అటూ ఇటూ తిప్పాడు.

"సంతకం పెట్టకుంటే బేరం ఆగుతుంది. కేసూ వేయొచ్చు. కానీ సర్కారు ఇంటి కోసం అబద్ధపు ప్రమాణం చేశానని మొదటి పేజీలోనే నువ్వే రాసివ్వాలి. ఇల్లు ఉంచుతారా మరి?"

ఇంటికొచ్చి చెప్తే ప్రేమలత తమ్ముణ్ణి పాడె కట్టేదాకా తిట్టింది. తిట్టి తిట్టి, "గని ఇల్లు పోతే యాడికి పోదాం? మళ్ల గా రేకుల కిందికా?" అంది.

మొగులమ్మ మంచం మీదినుంచి లేచింది. "కేసెయ్యి కొడకా. మీ నాయిన ఈపు పుండైన జాగ అది. నేనింకెన్నొద్దులు బతుకుత? గోడకానుకోని కూసుంట తీ, నాకు అలవాటే."

ఆదివారం మధ్యాహ్నం అన్నం తిన్నాక తల్లి పడుకుంది. కాళ్లు చాపి, నోరు తెరిచి, పిల్లికూతల్లేకుండా. నర్సింహ చాపమీద కూర్చుని ఆ రొమ్ము లేచి పడటాన్ని చాలాసేపు చూశాడు. కేసు తేలేసరికి ఈమె ఉంటుందో లేదో. తేలకముందే ఆ గోడకు తీసుకుపోయి ఆనించడం మాత్రం ఖాయం.

సోమవారం అతను తల్లికి చెప్పకుండా బస్సెక్కాడు. రిజిస్ట్రాఫీసు వరండాలో జైపాల్ ఇస్త్రీ చొక్కాలో ఎదురొచ్చి, "టిఫిన్ చేసినవా బావా?" అన్నాడు. నర్సింహ అతని పక్కనుంచి లోపలికి నడిచాడు.

"నర్సింహ నువ్వేనా? అప్పుడు మొత్తం పైకం ముట్టిందా?" గుమాస్తా తలెత్తకుండానే అడిగాడు.

"ముట్టింది సార్."

"తకరారు ఏం లేదు కదా?"

"లేదు."

సంతకం పెట్టాడు, వేలిముద్ర వేశాడు. సిరా తుడుచుకోవడానికి గుడ్డ అడిగితే గోడకు రాసుకొమ్మన్నారు. గుమాస్తా కాగితం చివరి పేజీ తిప్పి, కంపెనీ వకీలుకు వినిపించేలా హద్దులు చదివాడు. తూర్పున వాగు, పడమర పన్నెండడుగుల బాట, ఉత్తరం దక్షిణం కంపెనీ వారి సొంత భూమి, నడుమ రెండు రేకుల గదులతో సహా నాలుగు గుంటల పద్దెనిమిది గజాలు.