పడవవాడు బతికిన ఆట

మా మరిది గుట్టుగా చేసిన పనిని లోకానికి చాటింది నేనే. తిట్టి కాదు, పొగిడి చాటాను.

ఆట పేరు 'ఏడు రేవులు'. ఇరవై రెండేళ్ళ కిందటి వీడియో గేమ్. చదరంగంలోలాగా గళ్ళ మీద మన దళాన్ని నడపాలి. మన వంతు కాగానే శత్రువు వంతు. అయితే చదరంగంలో బంటు పోతే బంటే పోతుంది, ఎవరూ ఏడవరు. ఇందులో పోయేవాడికి ఒక పేరుంటుంది, ఇంటి దగ్గర ఒక గొడవ ఉంటుంది, ముందు రోజు శిబిరంలో నెగడు పక్కన కూర్చుని మనతో నాలుగు మాటలు మాట్లాడి ఉంటాడు. పోతే మళ్ళీ రాడు. నేను తొందరపడి ఒక విలుకత్తెను ముందు గడిలోకి నెట్టి పోగొట్టుకున్నాను. ఆ రోజంతా మా ఆయన ఏం పలకరించినా విసుక్కున్నాను. ఎందుకో చెబితే ఆయన నన్ను డాక్టరు దగ్గరకు తీసుకుపోయేవాడు.

ఆ ఆట ఆడించే యంత్రాలు ఇప్పుడు దొరకవు. తయారుచేసిన కంపెనీ దాన్ని మళ్ళీ అమ్మదు, ఇంకొకరిని ముట్టుకోనివ్వదు. అందుకని ఒకరి ముఖం ఒకరు చూడని పన్నెండుమంది అభిమానులు కలిసి, ఐదేళ్ళు కూర్చుని, దాన్ని మొదటినుంచీ కొత్తగా కట్టారు. పైసా ఆశించలేదు, పేర్లు పెట్టుకోలేదు. ఆ పన్నెండుమందిలో మా మరిది ఒకడు. చిక్కల్లా ఏమిటంటే, ఆ కంపెనీలోనే అతని ఉద్యోగం.

ఉద్యోగమంటే పెద్దదేం కాదు. కంపెనీ భవనం అడుగున కిటికీలు లేని గది ఒకటుంది. పాత ఆటల తాలూకు నోటుపుస్తకాలు, బొమ్మలు, పటాలు అందులో అట్టపెట్టెల నిండా ఉంటాయి. ఒక్కో పేజీ స్కాన్ చేసి, నంబరు వేసి, ఎవరు ఏ పుస్తకం తెరిచారో రిజిస్టరులో రాయాలి. ఏడేళ్ళుగా అదే పని. పైఅంతస్తుల వాళ్ళకు అతని పేరు తెలియదు, 'కిందగది' అంటారట. కిందగదికి ఫోన్ చేయి, కిందగది రాలేదా, ఇలా. చేరిన రోజున అక్కడ చూసింది ఇంట్లో కూడా చెప్పనని సంతకం పెట్టాడు. ఆ సాయంత్రమే చిక్కుళ్ళు ఒలుస్తున్న నా ఎదుట కూర్చుని, అక్కడేం చూశాడో మొత్తం చెప్పాడు. నేను సంతకం పెట్టలేదు కాబట్టి హాయిగా విన్నాను.

కొత్త ఆటను మొట్టమొదట ఆడింది కూడా నేనే. మధ్యాహ్నం గిన్నెలు తోమి, పొయ్యి గట్టు తుడిచాక కంప్యూటరు ముందు కూర్చునేదాన్ని. నన్నే ఎందుకు పెట్టుకున్నావని అడిగితే, "నీ అంతగా తప్పులు పట్టేవాళ్ళు నాకు ఇంకెవరు దొరుకుతారు వదినా" అన్నాడు. పొగిడాడో చురకంటించాడో నాకిప్పటికీ తేలలేదు.

ఇక పడవవాడి సంగతి. మూడో రేవులో ఒక ముసలి పడవవాడు మన దళాన్ని అవతలి గట్టుకు చేరుస్తాడు. వెంట తరిమే విలుకాండ్రు అతన్ని చంపేస్తారు. పాత ఆటలో మనం ఎన్ని ఎత్తులు వేసినా అతను చావాల్సిందే. వేలమంది వెయ్యి రకాలుగా ప్రయత్నించి వదిలేశారు. మా మరిదికి ముప్ఫై ఒకటో నంబరు పుస్తకంలో ఒక పేజీ కనబడింది. దళమంతా మూడు వంతులు కదలకుండా కూర్చుంటే నది మీద మంచు దిగుతుందట, విలుకాండ్రకు గురి కనబడదట, పడవవాడు బతుకుతాడట. దాని కింద పెన్సిలుతో 'టైము లేదు, తీసేయండి' అని ఉందట. తీసేసినదాన్ని మా మరిది తెచ్చి కొత్త ఆటలో పెట్టాడు. అది తన ఊహేనని తక్కిన పదకొండుమందికీ చెప్పాడు. వాళ్ళు నమ్మారు.

ఆట బయటికొచ్చిన మొదటి రోజే ఆటగాళ్ళు చేరే సైటులో ఒక పెద్దమనిషి తీర్పు చెప్పాడు. అంతా బాగుంది గానీ పడవవాణ్ణి బతికించడం అభిమానుల అతి తెలివి అనీ, అసలు వాళ్ళయితే ఇలాంటి చవకబారు దయ చూపించేవాళ్ళు కాదనీ రాశాడు. దాని కింద మూడువందలమంది తలలూపారు. మా మరిది చదివి, నవ్వి, భోజనం సగంలో లేచిపోయాడు.

నాకు ఒళ్ళు మండింది. మర్నాడు కూర పొయ్యి మీద పెట్టి, 'గరిటె' అనే పేరుతో రాయడం మొదలుపెట్టాను. తడి గడి మీద అడుగు పడితే బూటు చప్పుడు ఎలా మారుతుందో రాశాను. గాయాలకు కట్టు కట్టే పిల్ల చచ్చిపోయేవాడి దగ్గరకు వచ్చినప్పుడు సంచీ తెరవబోయి ఎలా ఆగిపోతుందో రాశాను. పాత ఆటలో బొమ్మలా నిలబడే శత్రు సేనాని, ఇందులో తన వంతు వచ్చినా ఒక్క క్షణం ఆలస్యం చేస్తాడు, ఆ క్షణం కోసమే ఆ యుద్ధాన్ని నాలుగుసార్లు ఆడానని రాశాను. రాసిందంతా నిజమే. కూర మాడింది. అక్కడితో ఆపి ఉంటే బాగుండేది. చివరన ఇంకో ముక్క చేర్చాను. పడవవాడు బతకడం అభిమానుల కల్పన కాదు, ఆటను పుట్టించినవాళ్ళు మొదట అనుకున్నదే అది, టైము లేక తీసేశారు, పెద్దమనుషులు తెలుసుకుని మాట్లాడితే మంచిది అని.

రెండు రోజుల్లో నా పొగడ్త నలభై చోట్ల తిరిగింది. ఆ చివరి ముక్క బాగా కనబడేలా జనం దానికి రంగు కూడా వేశారు. పెళ్ళయ్యాక ఇంతమంది నా మాట విన్నది అదే మొదలు.

అప్పుడొచ్చాడు 'నిదానం' అనే పేరుగల ఆసామి. మర్యాదగా రాశాడు. ఇంత శ్రద్ధగా ఆడేవాళ్ళు అరుదని, నా రాత మూడుసార్లు చదివానని, పడవవాడి సంగతి తనకు కొత్తగా ఉందని, ఎలా తెలిసిందో చెబితే సంతోషిస్తానని. నేను ఉబ్బిపోయాను. మా ఇంట్లో ఒకరు ఆ కాగితాన్ని స్వయంగా చూశారని జవాబు పెట్టాను. ఆయన ధన్యవాదాలు చెప్పాడు. మళ్ళీ రాలేదు. ఆయన పేరు మీద నొక్కి చూస్తే, అంతకుముందు అక్కడ ఒక్క మాట కూడా రాసినవాడు కాదు. ఖాతా తెరిచింది నా పొగడ్త వచ్చిన రోజునే.

అది గమనించాక నా రాత తీసేశాను. నా చోట ఖాళీ అయింది, తక్కిన నలభై చోట్లా అలాగే ఉంది.

తర్వాతి వారం కిందగది తాళం మార్చారు. మా మరిది భోజనాల దగ్గర దీన్ని వింతగా చెప్పాడు. కొత్త తాళంచెవి తనకివ్వలేదట, ఉదయం ఎవరో వచ్చి తెరుస్తున్నారట. రిజిస్టరు పైకి తీసుకుపోయారట. ముప్ఫై ఒకటో పుస్తకం తీసినవాళ్ళు ఇన్నేళ్ళలో ముగ్గురే: రాసినాయన, ఆయన ఇప్పుడు లేడు, పాత అధికారి, ఆయనకు ఇప్పుడు చూపు లేదు, మూడోవాడు తను. ఈ లెక్క నవ్వుతూనే చెప్పాడు. మా ఆయన పళ్ళెంలోంచి తలెత్తకుండా, కొత్త తాళం వేస్తే కొత్త అధికారి వస్తాడు, నీకు ప్రమోషన్ వచ్చేలా ఉందిరా అన్నాడు. నేను మంచినీళ్ళ వంకతో వంటింట్లోకి వెళ్ళి అక్కడే నిలబడ్డాను. అప్పుడే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు.

శుక్రవారం మధ్యాహ్నం రెండింటికే ఇంటికొచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. అతని ముఖంలో అంత వెలుగు పదో తరగతి పాసైనప్పుడు కూడా లేదని మా అత్తగారు ఉంటే అనేవారు. చేతిలో కంపెనీ కవరు. పైఅంతస్తుకు పిలిచి, కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, పేరు పెట్టి పిలిచారట. కొత్త ఆట వెనక తనున్నాడని వాళ్ళకు తెలిసిందట, కోపం లేదట, గర్వంగా ఉందట. ఇలాంటి ప్రతిభను కింద గదిలో పెట్టినందుకు సిగ్గుపడుతున్నామన్నారట. తోటివాళ్ళందరినీ సత్కరించాలి కాబట్టి ఎవరెవరు, ఎక్కడుంటారు, ఎవరేం చేశారు, తనకు సమాచారం ఎక్కడినుంచి వచ్చింది, అంతా స్వహస్తంతో రాసి సంతకం పెట్టమన్నారట. నాలుగింటికి కారు పంపుతారట.

కవరులో మూడు ఖాళీ కాగితాలు, మూడింటికీ మూలన నంబర్లు అచ్చువేసి ఉన్నాయి. పైన ఒక ఉత్తరం. నేను చేతులు తుడుచుకుని ఉత్తరం చదివాను. అద్భుతమైన కృషి, అసాధారణ నైపుణ్యం, అపూర్వమైన అంకితభావం. రెండోసారి చదివాను. బూటు చప్పుడు లేదు. సంచీ తెరవబోయి ఆగిన పిల్ల లేదు. సేనాని లేడు, చివరికి పడవవాడు కూడా లేడు. ఆ మాటల్ని ప్రెషర్ కుక్కరు అట్టపెట్టె మీద అచ్చువేసినా సరిపోతాయి.

అతను అప్పటికే బల్ల ముందు కూర్చున్నాడు. పన్నెండుమందికీ ఏడాది చివర ఒకరికొకరు గ్రీటింగు కార్డులు పంపుకునే అలవాటు, అందువల్ల అందరి చిరునామాలూ డైరీలో ఉన్నాయి. ఒక్కొక్కటే చూసి, అచ్చులాంటి దస్తూరీతో ఎక్కిస్తున్నాడు. ఏడేళ్ళు రిజిస్టర్లు రాసిన చెయ్యి. మొదటి కాగితం నిండిపోయింది, పదకొండు పేర్లూ ఒకే పేజీలో పట్టించాడు.

"వాళ్ళు ఆట ఆడారా?" అన్నాను.

తల ఎత్తలేదు. ఆడకుండా ఇంత మెచ్చుకుంటారా అన్నాడు.

ఏ రేవు దాకా వచ్చారో చెప్పారా అని అడిగాను. అతని కలం ఆగింది. ఆలోచించాడు. రేవుల మాట రాలేదన్నాడు. కాస్త ఆగి, పడవవాడి గురించి మాత్రం ఒకాయన అడిగాడన్నాడు. బాగుందని కాదు. ఎక్కడిదని.

అప్పుడు చెప్పాను. గరిటె నేనేనని, పెద్దమనిషిని దులపడానికి చివరి ముక్క రాశానని, నిదానానికి జవాబు పెట్టానని. చెబుతుంటే నా గొంతు నాకే పక్కింటావిడ గొంతులా వినిపించింది. అతను అంతా విని, కలానికి మూత పెట్టాడు. తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది.

"నీ రాత నేను చదివాను వదినా. గరిటె అంటే పాత ఆట కట్టినవాళ్ళలో ఎవరో అనుకుని, దాన్ని అచ్చుతీసి పర్సులో పెట్టుకున్నాను" అన్నాడు.

టైము మూడున్నర. నంబరున్న కాగితం, చింపలేం, వేరేది పెట్టలేం అన్నాడు. పుస్తకంలో పేజీ పోతే కుట్టు చూసి చెప్పేయవచ్చని ఏడేళ్ళుగా అతనే అందరికీ చెబుతూ వచ్చాడు. ఆ పదకొండుమందిలో ఒకావిడ నర్సట, ఒకతను బడిలో లెక్కల మాస్టరట. దొంగతనంగా తెచ్చినది తమ ఆటలో ఉందని కూడా వాళ్ళకు తెలియదు. పేర్లు కొట్టేసినా దీపానికెత్తి చదువుకోవచ్చు.

నేను కాగితం తీసుకుని వంటింట్లోకి వెళ్ళి పొయ్యి వెలిగించాను. మంచి కాగితం, కాలడానికి మొరాయించింది. నంబరున్న మూల ఆఖరున కాలింది. తిరిగి వచ్చేసరికి అతను రెండో కాగితం మీద రాస్తున్నాడు. మొత్తం తనొక్కడే చేశాడని, ముప్ఫై ఒకటో పుస్తకంలోని పేజీని తనే చూసి వాడాడని, ఇంకెవరికీ తెలియదని. నాలుగు వరుసలు. సంతకం. డైరీని నా చేతిలో పెట్టాడు. దాని సంగతి నన్నే చూసుకోమన్నాడు.

కారు నాలుగుకు ఐదు నిమిషాల ముందే వచ్చింది. దిగినాయన శుభ్రంగా, మృదువుగా ఉన్నాడు. చెప్పులు విప్పి లోపలికొచ్చాడు, కూర్చోమంటే వద్దన్నాడు. కాగితాలు లెక్కపెట్టాడు. నాలుగు వరుసలూ చదివాడు.

"ఒకటో నంబరు కాగితం కనబడట్లేదండీ" అన్నాడు.

మరిది నోరు తెరిచేలోపు, నేను కాల్చేశానని చెప్పాను. ఎందుకని అడగలేదు. దాని మీద ఏముందని కూడా అడగలేదు. జేబులోంచి చిన్న పుస్తకం తీసి, నా పూర్తి పేరు, అక్షరాలు తప్పు లేకుండా ఒకసారి చెప్పమన్నాడు. చెప్పాను. మా మరిది పేరు కింద వరుసలో రాసుకున్నాడు. పెళ్ళికి ముందు ఇంటిపేరు కూడా అడిగి, దాన్నీ రాసుకున్నాడు.

మరిదితో, బట్టలు మార్చుకోనక్కర్లేదు, అలాగే రావచ్చన్నాడు. అతను నా వైపు చూడకుండా చెప్పులేసుకున్నాడు. నేను మెట్ల దాకా వెళ్ళి, ఎన్నింటికి పంపిస్తారని అడిగాను. రాత్రి వంటకు బియ్యం ఎన్ని పోయాలో తెలియాలి కదా అని కూడా అన్నాను.

"ఆయన కోసం పోయకండి. మీరు మాత్రం సోమవారం పొద్దున ఇంట్లోనే ఉండండి" అన్నాడాయన.

కారు వెళ్ళాక తలుపు గడియ వేసి, పొయ్యి మళ్ళీ వెలిగించి, డైరీని మొదటి పేజీ నుంచి ఒక్కొక్కటే చింపడం మొదలుపెట్టాను.