పనిలో తప్పు

సునీల్‌కుమార్‌ను కంపెనీలో షిఫ్ట్ ఇన్‌చార్జిగా చేసిన మర్నాడు, గేటు దగ్గర మొక్కలకు పాదులు చేస్తున్న అతని తండ్రి సంగయ్య లేచి నిలబడి, పార పక్కన పెట్టి, "నమస్తే సార్" అన్నాడు. వెటకారం కాదు. ఆ మనిషికి వెటకారమంటే ఏమిటో కూడా తెలియదు. ఇంట్లో కొడుకు, కంపెనీలో సారు, అంతే ఆయన లెక్క. పక్కనున్న ఆఫీసర్లు నవ్వారు. అది ముచ్చటపడి నవ్విన నవ్వే. కానీ కొత్తగా పదవి వచ్చినవాడి చెవులు వేరే కదా, సునీల్‌కు తల కొట్టేసినట్టయింది.

ఇంకొకడైతే ఇంటికెళ్లి, నాయినా, నాకట్లా దండం పెట్టకే అని చెప్పేవాడు. ఒక్క ముక్క, దానితో అయిపోయేది. ఈ మహానుభావుడు అది చెప్పలేదు. వారం రోజులు ఆ నమస్తేలు మింగి, చివరికి లేబర్ కాంట్రాక్టర్ చలపతిరావును పక్కకు పిలిచి, నాయినకు వయసైంది, ఎండకు ఆగడం లేదు, పనిలోంచి తీసేయండి అని చెవిలో వేశాడు. నేను చెప్పినట్టు మాత్రం తెలియొద్దు అని కూడా అన్నాడు. చలపతిరావుకు ఇదేం పెద్ద పనా? పైనుంచి ఆర్డర్ వచ్చింది, రేపట్నుంచి రావద్దు అని సంగయ్యకు చెప్పేసి, బీహార్ నుంచి వచ్చిన ఒకాయనను ఆ పనిలో పెట్టుకున్నాడు.

నాయిన ఇక ఫ్యాన్ కింద కూర్చుని సుఖంగా తింటాడు, నేను మంచి కొడుకును అని సునీల్ తనకు తానే చెప్పుకున్నాడు. చెప్పుకున్నాడు గానీ నమ్మలేదు.

ఆ సాయంత్రం నుంచే మొదలైంది. తమ ఊరు లక్డారంలో ఇంటి ముందు బండి ఆపగానే సంగయ్య ఎదురొచ్చి, నేనేం తప్పు చేశానో జెర కనుక్కోరాదు బిడ్డా అని అడిగేవాడు. పైనుంచి ఆర్డర్ వచ్చిందంటే ఏదో తప్పు చేసే ఉంటానని ఆయన నమ్మకం. రోజుకొక తప్పు తవ్వి తీసేవాడు. ఎండాకాలంలో పంపు దగ్గర గులాబీలు ఎండిపోయినయి, అదేనా? ఆ బోరు నీళ్లు చీమలు కూడా ముట్టవు, ఆ మాట అప్పుడే పెద్ద సారుకు చెప్పాల్సింది. లేకుంటే వేపచెట్టు కింద బీడీ తాగుతుంటే ఎవరైనా చూశారా? సునీల్ ముఖం కడుక్కుంటూ, సారు లీవులో ఉన్నాడనీ, రేపు అడుగుతాననీ ఏదో ఒకటి అనేవాడు. రేపు వచ్చేది, ఇంకో అబద్ధం కావాల్సి వచ్చేది.

ఊరు ఊరుకుంటుందా? పదేళ్లు దాటి పనిచేసిన తోటమాలిని ఉత్తపుణ్యానికి తీసేయరు కదా అనుకున్నారు. కంపెనీ గేటు ఎదురుగా చాయ్ డబ్బా నడిపే దేవమ్మ దగ్గర, లోపల ఇత్తడి నల్లాలు పోయాయట అని ఎవరో అన్నారు. అది లక్డారం చేరేసరికి, సంగయ్యే ఎత్తుకుపోయాడట అని తయారైంది. నీళ్ల ట్యాంకర్ దగ్గర ఆ మాట విన్న సునీల్ భార్య వనజ భగ్గుమంటూ ఇంటికొచ్చింది.

"మామను దొంగంటున్నరు. నువ్వు గాడ సార్‌వి గద, నీకు నోరు లేదా?"

సునీల్ అప్పుడైనా నిజం చెప్పి ఉండాల్సింది. చెబుదామని నోరు తెరిచాడు కూడా. వనజ కళ్లు చూసి మళ్లీ మూసుకున్నాడు, పిరికివెధవ. దొంగ అన్న మాట చెవిన పడి సంగయ్య వాకిట్లోకి రావడం మానేశాడు. అన్నం పెడుతుంటే చెయ్యి అడ్డం పెట్టి, పనిచేయనోనికి ఇంత బువ్వ ఎందుకు బిడ్డా అని కోడలితో అన్నాడు.

దసరా ముందురోజు కంపెనీలో ఆయుధపూజ. పానాలు, సుత్తెలు, లారీ తాళాలు అన్నీ కడిగి, బొట్లు పెట్టి వరుసగా పేరుస్తారు. ఎవరి పనిముట్టుకు వాళ్లు పనిచేసే చోటే పూజ జరగాలని ఇక్కడి పట్టింపు. పూజకు వేళవుతుండగా సెక్యూరిటీ అతను వచ్చి, మీ నాయిన గేటు బయట ఉన్నాడు, లోపలికి రానంటున్నాడు అని సునీల్‌కు చెప్పాడు.

సంగయ్య రోడ్డు వారన నిలబడి ఉన్నాడు. ఉతికిన చొక్కా. చేతిలో తళతళలాడే పార, దానికి పసుపు, కుంకుమ. అది కంపెనీది కాదు, ఆయన సొంతది.

"నేను లోపలికి రాను బిడ్డా, ఎవరన్న ఏమన్న అంటరు. దీన్ని తీస్కపోయి అందరి వాటి పక్కన పెట్టు. తప్పు జేస్తె నేను జేసిన. పార ఏం జేసింది?"

అంతే, సునీల్‌కు దుఃఖం పొంగుకొచ్చింది. దేవమ్మ డబ్బా దగ్గర మనుషులున్నారన్న సంగతి కూడా మరిచిపోయాడు.

"నాయినా, నిన్ను తీసేయించింది నేనే. నువ్వు నాకు నమస్తే పెడ్తుంటె సిగ్గయింది. చలపతిరావుకు నేనే జెప్పిన. నువ్వేం తప్పు జెయ్యలే."

సంగయ్య ఒక అడుగు ముందుకేశాడు. లాగి ఒక్కటి కొడితే బాగుండునని సునీల్‌కు అనిపించింది. ఆయన కొట్టలేదు.

"అంటె, పనిల తప్పు లేదా?"

"లేదు నాయినా."

"గులాబీల సంగతి గూడ కాదా?"

"కాదు."

సంగయ్య గట్టిగా ఊపిరి వదిలాడు. ఇన్నాళ్లూ ముడుచుకుని ఉన్న ముఖం విప్పారింది. గిరుక్కున తిరిగి, నేను ఏదీ ఎత్తుకపోలేదు దేవమ్మా, నా పనిలో వంక లేదు, మావాడే తీసేయించాడంట అని సంబరంగా చెప్పాడు. ఆ గొంతులో కోపం ఇసుమంత లేదు. చాయ్ తాగుతున్నవాళ్లందరూ గ్లాసులు దించి సునీల్‌ను చూశారు. అతనికి భూమిలోకి కుంగిపోవాలనిపించింది. ఇప్పుడే చలపతిరావుతో మాట్లాడి మళ్లీ పెట్టిస్తా నాయినా అని తండ్రి చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దు. గా బీహారాయన యాడ్నుంచో బతకనీకి వచ్చిండు. గాయినేం తప్పు జేసిండని తీసేయిస్తవ్?"

సునీల్ పట్టుకున్న చెయ్యి వదిలేశాడు.

సంగయ్య పారను కొడుకు చేతిలో పెట్టి, పూజయ్యాక జాగ్రత్తగా తెచ్చియ్యి, పనికి కావాలె అన్నాడు. తువ్వాల దులిపి భుజాన వేసుకుని, రోడ్డు దాటి, ఎదుటి కంపెనీ గేటు దగ్గరికి చకచకా నడిచాడు. అక్కడి సెక్యూరిటీతో ఏదో మాట్లాడి, చెయ్యి చాచి సునీల్‌ను చూపించాడు.

"ఏం సార్," సెక్యూరిటీ అక్కడి నుంచే కేకేశాడు. "ఈయన మీకు తెలుసా? పని మంచిగ జేస్తడా?"

తెలుసు, చేస్తాడు అన్నాడు సునీల్. లారీల మోతలో అది రోడ్డు దాటలేదు. సెక్యూరిటీ అతను చెవి దగ్గర చెయ్యి పెట్టి మళ్లీ అడిగాడు.

సునీల్ పారను రెండు చేతులా పట్టుకుని, గేటు లోపలి ఆఫీసర్లకూ, దేవమ్మకూ, రోడ్డు మీద అందరికీ వినపడేట్టు అరిచాడు.

"మా నాయిన. పని మంచిగ జేస్తడు."