అక్క గొంతుతో

ఇంట్లో అందరూ ఆమెను చిన్నది అనేవారు. చిన్నదానికి మొదటినుంచీ చెవులే లోకం. మూతపడిన నూలుమిల్లులో స్పీకర్లు వేలాడదీసి, ఒకప్పుడు అక్కడ పనిచేసిన వాళ్ళ దగ్గులూ నవ్వులూ వినిపించేలా ప్రదర్శన పెడితే పత్రికలు ఆమెను శబ్ద కళాకారిణి అన్నాయి. అక్క మాత్రం, "దగ్గులు వినడానికి కూడా జనం వస్తారటే?" అని ఆటపట్టించింది.

తర్వాత ఆమె ఒక పరిశోధన సంస్థలో చేరింది. జబ్బు వల్ల గొంతు పోగొట్టుకోబోయే వాళ్ళ మాటల్ని ముందే రికార్డు చేసి, కంప్యూటర్‌లో అచ్చం అలాంటి గొంతు తయారుచేయడం అక్కడ ఆమె పని. ఆ మనిషి టైపు చేస్తే చాలు, తన గొంతుతోనే మాట్లాడవచ్చు.

అక్క బడిపంతులమ్మ. గంట మోగకపోయినా ఆమె కేక వింటే చాలు, పిల్లలు వరసలో నిలబడేవారు. ఆ గొంతుకే క్యాన్సర్ వచ్చింది. ఆపరేషన్‌కు ముందు చిన్నది ఆమెను స్పాంజి అంటించిన రికార్డింగు గదిలో కూర్చోబెట్టి రోజుల తరబడి వాక్యాలు చదివించింది.

"నా మాట నాకే దూరంగా వినబడుతోందేమిటే?" అంది అక్క.

"గోడలు శబ్దాన్ని మింగేస్తాయక్కా."

"మింగితే మింగాయి. నా గొంతు అరిగించుకోవడం వాటి తరం కాదులే."

ఆపరేషన్ అయ్యాక అక్క ఆ యంత్రంతోనే మాట్లాడేది. అమ్మ వేరే ఊళ్ళో, అన్నయ్య దగ్గర ఉండేది. చూపు దాదాపు పోయింది, గుండె బలహీనం. రోజూ సాయంత్రం అక్క ఫోన్ వస్తేనే ఆమెకు అన్నం సయించేది.

రెండేళ్ళకు జబ్బు ఊపిరితిత్తులకు పాకింది. వానలు మొదలైన రోజుల్లో అక్క పోయింది.

ఆస్పత్రి వరండాలో అన్నయ్య చిన్నదాన్ని పక్కకు పిలిచాడు. "అమ్మ గుండె ఆపరేషన్ దగ్గర పడింది. ఇప్పుడీ సంగతి తెలిస్తే తట్టుకోలేదు. అదయ్యేదాకా... పెద్దదాని గొంతు నీ దగ్గరుంది కదా."

"అది నావల్ల కాదన్నయ్యా."

"మరి అమ్మను కూడా పోగొట్టుకుందామా?"



ఆ వారం నుంచే మొదలైంది. సాయంత్రం సంస్థలో తోటివాళ్ళు వెళ్ళిపోయాక, బావ ఇచ్చిన అక్క ఫోన్ లోంచి అమ్మకు కలిపేది. 'బాగున్నానమ్మా, ఆకలి బాగానే ఉంది' అని టైపు చేసేది. ఆ మాట అక్క గొంతుతో వినబడగానే, తన ఏడుపు ఫోన్‌లోకి పోకుండా చీరకొంగు నోట్లో కుక్కుకునేది.

విషయం తెలిసి విభాగాధిపతి సంబరపడ్డాడు. "కన్నతల్లే తేడా పట్టలేదంటే ఇంతకన్నా పెద్ద పరీక్ష ఏముంటుందమ్మా? దీని మీద పరిశోధన వ్యాసం రాయండి."

ఆమె లేచివెళ్ళి మొహం కడుక్కుంది.

ఒక సాయంత్రం అమ్మ, పక్కింటావిడ కుళాయి గొడవ చెప్పడం మొదలుపెట్టింది. ప్లంబరు రెండుసార్లు వచ్చాడు, రెండుసార్లూ నీళ్ళు వీళ్ళింట్లోకే కారాయి. ఆ కథంతా చెప్పి ఆగింది.

"చిన్నదానా" అంది మెల్లగా.

కీబోర్డు మీద వేళ్ళు ఆగిపోయాయి.

"నువ్వే కదూ. పెద్దది నన్ను ఏనాడన్నా ఇంతసేపు మాట్లాడనిచ్చిందటే? గొంతు పోయాక కూడా, టకటకా నొక్కి, 'సర్లేమ్మా, అసలు సంగతి చెప్పు' అని అడ్డం పడేది. నువ్వలా కాదు. చివరిదాకా వింటావు."

చిన్నది కీబోర్డు పక్కకు నెట్టేసింది. "అమ్మా" అంది, తన గొంతుతోనే.

"ఎప్పుడు పోయింది?"

"వానలు మొదలైనప్పుడు."

"బాధపడిందా?"

"చివర్లో లేదమ్మా. నిద్రలోనే పోయింది."

అవతల అమ్మ కుర్చీ జరుపుకున్న చప్పుడు వినబడింది.

"నీకెప్పుడు తెలిసిందమ్మా?"

"మొదట్లోనే అనుమానమొచ్చింది. అడిగితే ఫోన్లు ఆగిపోతాయని ఊరుకున్నా. అబద్ధమైతేనేం, రోజూ దాని గొంతు వినబడుతోంది కదా అనుకున్నా. నిన్ను కూడా ఏడవనివ్వకుండా కూర్చోబెట్టారు కదే, నా తల్లీ."

అప్పుడు ఏడ్చింది చిన్నది, అక్క పోయాక మొదటిసారి, నోరు మూసుకోకుండా. అవతల అమ్మా ఏడ్చింది. ఇద్దరిలో ఎవరూ ఫోన్ పెట్టేయలేదు.

అమ్మ ఆపరేషన్ బాగానే జరిగింది. అన్నయ్య భయపడ్డట్టు ఏమీ కాలేదు.

చిన్నది వ్యాసం రాయలేదు. అక్క గొంతును కంప్యూటర్‌లోంచి తీసేయమని సంస్థవాళ్ళకు బావ చెప్పాడు. ఆ పని ఆమె ఇంకెవరికీ అప్పగించలేదు. చివరిసారి ఏదైనా చెప్పిద్దామనిపించి కీబోర్డు ముందు కూర్చుంది. 'చెల్లీ' అని టైపు చేసింది. తర్వాత ఏం రాసినా అది తన మాటే అవుతుంది తప్ప అక్క మాట కాదు. ఆ ఒక్క మాటనూ వినకుండానే చెరిపేసింది.